కడుపుతో ఉన్నామని మందు కొనే ముందే చెప్పండి

గర్భిణీ స్త్రీ మొదటిసారి మన ఆసుపత్రి ఓ.పి.కి వచ్చినప్పుడు బరువు, బి.పి. చూశాక మా నర్సులు తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఇంటి దగ్గర ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" చాలామంది చెప్పే జవాబు, "ఏటీ లేవండి సిస్టరుగారూ." వారు అబద్ధమాడుతున్నారని మేము అనుకోము. మందు అంటే వారి లెక్కలో పెద్ద డాక్టరుగారు చీటీ మీద రాసిచ్చినది మాత్రమే. అందుకని ప్రశ్న మార్చి అడుగుతాము. తలనొప్పి వస్తే ఏం వేసుకుంటావు? గ్యాస్ పడితే? మీ అత్తగారి మోకాళ్ళ నొప్పుల మాత్ర ఎప్పుడైనా వేసుకున్నావా? పెళ్ళికి ముందు ఫిట్సుకో, థైరాయిడుకో మాత్రలు వాడి ఈ మధ్య మానేశావా? అప్పుడు పక్కనున్న తల్లి నోరు విప్పుతుంది, లేదంటే చేతిసంచిలోంచి సగం కత్తిరించిన మాత్రల స్ట్రిప్పు ఒకటి బయటికి వస్తుంది. దాని మీద పేరు ఉన్న ముక్క ఉండదు, ఆ ముక్క షాపులోనే ఉండిపోయి ఉంటుంది.

ఈ సంచులు చూసి చూసి మాకు అర్థమైన సంగతి ఒకటి ఉంది. అడగకుండా మందు వేసుకునే తల్లులు కొందరు. అడగకుండా మందు మానేసే తల్లులు మరికొందరు. మొదటివారిని ఊరంతా హెచ్చరిస్తుంది. రెండోవారిని మాత్రం "మంచి పని చేశావు" అని ఇంట్లోవారే మెచ్చుకుంటారు. మా మెటర్నిటీ వార్డులో రెండోవారి వల్ల పడే కంగారు తక్కువేమీ కాదు. అందుచేత ఈ నెల ఈ రెండు సంగతులూ కలిపి రాస్తున్నాము.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

కడుపుతో ఉన్నప్పుడు మందు వేసుకుంటే బిడ్డ అవిటిగా పుడుతుందన్న భయం ఊరికే పుట్టలేదు. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. నిద్రకు, వేవిళ్ళకు చాలా మంచిదని, ఎవరైనా వాడవచ్చని ప్రచారం చేశారు. చీటీ లేకుండానే అమ్మారు. ఆ తరువాత చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడని బిడ్డలు పుట్టడం మొదలైంది. జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే వైద్యులు దీనికి కారణం ఆ మాత్రేనని 1961లో బయటపెట్టారు. అప్పటికే ప్రపంచంలో పదివేలమందికి పైగా బిడ్డలకు నష్టం జరిగిపోయింది. అమెరికాలో మాత్రం ఫ్రాన్సిస్ కెల్సీ అనే ఆమె, ప్రభుత్వ మందుల పరిశీలన ఉద్యోగంలో అప్పుడే కొత్తగా చేరినా, కంపెనీవారు ఎంత ఒత్తిడి చేసినా ఆధారాలు చాలవంటూ అనుమతి ఇవ్వలేదు. ఆమె పట్టుదల వల్ల ఆ దేశంలో ఎందరో బిడ్డలు బతికిపోయారు.

ఆ మందు ఇప్పటికీ ఉంది. కుష్ఠురోగులకు వచ్చే ఒక రకం తీవ్రమైన రియాక్షనుకు, ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సరుకు కట్టుదిట్టమైన జాగ్రత్తలతో వాడతారు. సాలూరు లెప్రసీ ఆసుపత్రి పేరు ఎరిగిన మన సంఘాలవారికి ఇంకో మాట చెప్పాలి. కుష్ఠువ్యాధికి మామూలుగా ఇచ్చే ఎం.డి.టి. ప్యాకెట్టు వేరు, ఈ మందు వేరు. ఎం.డి.టి.ని కడుపుతో ఉన్నా ఆపనక్కరలేదు.

ఈ కథకు తిరగబడిన కథ కూడా ఒకటి ఉంది. దానిని ఎవరూ చెప్పరు. వేవిళ్ళకే వాడే డాక్సిలమిన్, బి6 విటమిను కలిసిన మాత్ర మీద కూడా అమెరికాలో ఇలాంటి అనుమానమే లేచింది. కోర్టు కేసులు ఎక్కువై 1983లో కంపెనీ ఆ మందును మార్కెట్టు నుంచి తీసేసింది. కాని పరిశోధనలు ఎన్ని చేసినా ఆ మాత్ర వల్ల బిడ్డలకు లోపాలు వస్తున్నట్టు తేలలేదు. ఈలోగా వాంతులు తట్టుకోలేక ఆసుపత్రిలో చేరే గర్భిణుల సంఖ్య అక్కడ పెరిగింది. చివరకు 2013లో అదే మందుకు మళ్ళీ అనుమతి ఇచ్చారు. మన దగ్గర ఇప్పుడు వేవిళ్ళు ఎక్కువైనవారికి డాక్టర్లు రాసేది ఎక్కువగా ఇదే. నాలుగు రోజులు నీళ్ళు కూడా ఇమడక, కళ్ళు లోతుకుపోయి వచ్చిన అమ్మాయిని "మాత్ర ఎందుకు వేసుకోలేదమ్మా?" అని అడిగితే, "బిడ్డకేదైనా అయిపోతాదని మా అప్ప వద్దంది" అంటుంది. ఆ అప్పకు తెలిసింది మొదటి కథ మాత్రమే.

నెల తప్పిందని తెలియని రోజులు

మందు వల్ల బిడ్డకు రూపంలో లోపం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలల్లో. అందులోనూ నెల తప్పీ తప్పని రోజుల్లో. ముట్టు రావలసిన తేదీ దాటి రెండు వారాలు గడిచేసరికే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం మూసుకోవడం పూర్తవుతుంది. అప్పటికి చాలామంది తల్లులు ఆశావర్కరుకు కూడా చెప్పి ఉండరు. రెండు చుక్కలు మూడు చుక్కలు లెక్కపెట్టి, అత్తగారికి చెప్పి, భర్త ఊరినుంచి వచ్చాక ఆసుపత్రికి వచ్చేసరికి మూడో నెల నిండుతుంది. బిడ్డ అవయవాలు ఏర్పడే పని అప్పటికే చాలావరకు అయిపోయి ఉంటుంది.

అందుకే మేము పెళ్ళైన ప్రతి ఆడపిల్లకూ చెప్పే మాట ఇది. బిడ్డ కావాలనుకుంటున్నవారు, నెల తప్పే అవకాశం ఉన్నవారు, మెడికల్ షాపులో గానీ ఊరి డాక్టరు దగ్గర గానీ మందు తీసుకునే ముందు "నెల తప్పి ఉండవచ్చు" అని నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడకండి. షాపులో నలుగురు మగవాళ్ళు నిలబడి ఉంటే, చీటీ మీద రాసి ఇవ్వండి. ఎక్సరే తీసే గదిలో కూడా ఇదే చెప్పాలి.

బిడ్డ కోసం చూస్తున్నవారు ఫోలిక్ ఆమ్లం మాత్ర ముందునుంచే మొదలుపెట్టడం మంచిది. పైన చెప్పిన గొట్టం సరిగా మూసుకోవడానికి అది కావాలి. నెల తప్పాక మొదలుపెడితే కొంత మేలు, ముందే మొదలుపెడితే ఎక్కువ మేలు. మామూలువారికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. ఫిట్సు మందులు వాడేవారికి, వెనుకటి కాన్పులో వెన్నులోపంతో బిడ్డ పుట్టినవారికి డాక్టరుగారు ఎక్కువ మోతాదు రాస్తారు.

నెల రాకపోతే "నెల రావడానికి మాత్రలు" అడిగి వేసుకునే అలవాటు మన ఊళ్ళలో పాతది. ఒకప్పుడు గర్భం ఉందో లేదో చూడడానికి కూడా ఎక్కువ మోతాదు హార్మోను మందులు ఇచ్చేవారు. బిడ్డకు ప్రమాదమని ఆడవారి సంఘాలు, వైద్యులు చాలాకాలం పోరాడిన మీదట 1988లో మన ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఇప్పుడు గర్భం చూసుకోవడానికి మూత్రపరీక్ష పట్టీ ఉంది, ఆశావర్కరు దగ్గర ఉచితంగా దొరుకుతుంది. ముందు పరీక్ష, తరువాతే మాత్ర. ఇక కడుపు పోవడానికి షాపులో దొరికే కిట్టు సంగతి. చట్టప్రకారం అది అర్హతగల డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. స్కానింగు లేకుండా వేసుకుని, గర్భం గొట్టంలో ఉందని తెలియక, రక్తమంతా పోయి స్ట్రెచ్చరు మీద వచ్చిన తల్లులను మేము చూశాము. అంతకంటే ఇక్కడ రాయము.

ఉద్దానంలో రెండు సంచులు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే గర్భిణుల విషయంలో మాకు అదనపు జాగ్రత్త ఉంటుంది. ఉద్దానం కిడ్నీ వ్యాధి గురించి మీకు మేము చెప్పనక్కరలేదు, అక్కడ ఇంటికొక కథ. దాని కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీరు, ఎండలో పని, నొప్పి మాత్రలు, ఇంకా ఎన్నో అనుమానాల మీద పరిశోధనలు జరిగాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా, గర్భిణుల మందుల విషయంలో అక్కడ రెండు ప్రమాదాలు ఎదురవుతాయి.

మొదటిది నొప్పి మాత్ర. జీడితోటలో వంగి పనిచేసి, జీడిపిక్కలు ఒలిచి, నడుం లాగేస్తే డైక్లోఫెనాక్ మాత్రో, ఇంజక్షనో, లేకపోతే ఐబుప్రోఫెన్. ఇవి ఎవరి కిడ్నీకైనా బరువే. గర్భిణికి 20 వారాలు దాటాక ఇవి వేస్తే కడుపులో బిడ్డ కిడ్నీ సరిగా పనిచేయదు. బిడ్డ పోసే మూత్రమే చాలావరకు ఉమ్మనీరు. ఆ కిడ్నీ మందగిస్తే ఉమ్మనీరు తగ్గిపోతుంది. 2020లో అమెరికా మందుల సంస్థ ఈ విషయమై గట్టి హెచ్చరిక జారీచేసింది. ఏడో నెల దాటాక ఇస్తే బిడ్డ గుండె దగ్గర తెరుచుకుని ఉండవలసిన రక్తనాళం కడుపులోనే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. స్కానింగులో "ఉమ్మనీరు తక్కువ" అని వస్తే మేము తల్లిని నీళ్ళు తాగమని చెప్పడంతో పాటు, నడుంనొప్పికి ఏం వేసుకుందో కూడా అడుగుతాము. పైన పూసే నొప్పి ఆయింట్‌మెంట్లలో కూడా ఇదే మందు ఉంటుందని గమనించగలరు.

ఇక్కడ ఒక తికమక ఉంది. బి.పి. పెరిగే అవకాశం ఉన్న గర్భిణులకు డాక్టరుగారు ఆస్పిరిన్ చిన్న మోతాదు, మామూలుగా 75 మిల్లీగ్రాముల మాత్ర, రాత్రిపూట వేసుకోమని రాస్తారు. అది నొప్పికి కాదు, గుర్రపువాతం రాకుండా కాపాడడానికి. దానిని మానకండి.

రెండోది బి.పి. మాత్ర. ఇది మందుల సంచిలో చీటీతో సహా ఉంటుంది, అదే చిక్కు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు కిడ్నీ జబ్బు మొదలైనవారికి చాలా మేలు చేసే మందులు. క్రియాటినిన్ పెరిగిన యువతికి కిడ్నీ డాక్టరుగారు వీటిలో ఒకటి రాసి ఉంటారు. రాసినప్పుడు ఆమె గర్భిణి కాదు. ఆరు నెలల తరువాత నెల తప్పింది. పాత చీటీ షాపులో చూపిస్తూనే ఉంది, షాపువారు ఇస్తూనే ఉన్నారు. చీటీ నిజమైనదే, మందు సరైనదే, కాని ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డకు అది సరిపడదు. నాలుగో నెల దాటాక ఈ జాతి మందులు బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉమ్మనీరు ఎండిపోతుంది, ఊపిరితిత్తులు పెరగవు, పుర్రె ఎముకలు సరిగా గట్టిపడవు.

అయితే ఇది చదివి మాత్ర ఈ రాత్రే మానేయకండి. బి.పి. మాత్ర మానేస్తే బి.పి. పెరుగుతుంది, పెరిగిన బి.పి.తో తల్లికి ఫిట్సు రావచ్చు, మాయ ఊడిపోవచ్చు. మరుసటి రోజే ఆసుపత్రికి రండి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్ డోపా అనే మందులు ఉన్నాయి, గర్భిణులకు ఎంతోకాలంగా వాడుతున్నవి. మాత్ర పేరు మారుతుంది, వైద్యం ఆగదు. కిడ్నీ జబ్బు ఉన్న యువతి బిడ్డ కావాలనుకుంటే నెల తప్పకముందే ఈ మార్పు చేయించుకోవడం అన్నింటికన్నా మేలు. భర్తలు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

మానితే ప్రమాదమైన మందులు

ఫిట్సు మందులతో మొదలుపెడతాము, ఎందుకంటే ఇక్కడ రెండు వైపులా నిజముంది. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భిణికి మంచిది కాదు. ఏ మందూ వాడని తల్లులకు పుట్టే బిడ్డల్లో కూడా వందకు సుమారు 3గురికి ఏదో ఒక పుట్టులోపం ఉంటుంది. వాల్‌ప్రోయేట్ వాడితే వందకు 10మంది దాకా. పుట్టాక మాటలు, చదువు, ఎదుగుదల వెనుకబడేవారు వందకు 30 నుంచి 40 మంది. ఈ కారణంగా 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలు పుట్టే వయసున్న ఆడవారికి ఈ మందు వాడవద్దని చెప్పింది. మన ఊళ్ళలో పదహారు, పదిహేడేళ్ళ ఆడపిల్లలకు ఇదే మందు ఏళ్ళతరబడి నడుస్తూ ఉంటుంది. పెళ్ళి కుదరకముందే తల్లిదండ్రులు ఆ పిల్లను నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, మందు మార్చవచ్చేమో అడగాలి. పెళ్ళిమాటల వేళ జబ్బు దాచడం ఒక అలవాటు. దాచిన జబ్బుతో దాచిన మందు, అత్తవారింట్లో మానేసిన మందు. ఆ పిల్ల మూడో నెలలో పొయ్యి దగ్గర ఫిట్సు వచ్చి పడిపోతే, కాలిన గాయాలకు మందు వేసేది మేమే.

ఫిట్సు వచ్చిన ప్రతిసారీ బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. కనుక మందు పూర్తిగా మానడం దారి కాదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థవారు 1998 నుంచి ఫిట్సు ఉన్న గర్భిణుల వివరాలు ప్రత్యేకంగా నమోదుచేస్తూ వస్తున్నారు. సరైన మందుతో, సరైన మోతాదుతో ఎక్కువమంది తల్లులు ఆరోగ్యమైన బిడ్డలనే కంటున్నారు.

థైరాయిడు తక్కువ ఉన్నవారు మాత్ర మానడం కాదు, నెల తప్పిన వెంటనే పరీక్ష చేయించుకుని తరచు మోతాదు పెంచుకోవలసి ఉంటుంది. మొదటి నెలల్లో బిడ్డకు కావలసిన థైరాయిడు హార్మోను తల్లి నుంచే వెళ్ళాలి. సుగరు ఉన్నవారు ఇన్సులిన్ అంటే బెదిరిపోతారు, కాని ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. చేరేది తల్లి రక్తంలో పెరిగిపోయిన చక్కెర.

టి.బి. ఉన్న తల్లికి ఇచ్చే మామూలు ఆరు నెలల కోర్సు గర్భంలోనూ ఇస్తారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షను మాత్రం ఇవ్వరు, అది బిడ్డ చెవులకు దెబ్బ. హెచ్.ఐ.వి. ఉన్న తల్లుల విషయంలో మాకు ఎంతో సంతోషం కలిగించే లెక్క ఉంది. మందులు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు వైరసు సోకుతుంది. తల్లి రోజూ తప్పకుండా మందు వేసుకుంటే అది 5కు లోపే. గుండె వాల్వు మార్పించుకున్నవారు రక్తం పలచబడే వార్‌ఫరిన్ మాత్ర తమంతట తాము మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి ప్రాణం పోవచ్చు. ఆ మాత్ర బిడ్డకు మంచిది కాదన్నదీ నిజమే. అందుకని నెల తప్పిందని అనుమానం రాగానే, అదే రోజు ఫోను చేసి గుండె డాక్టరుగారిని కలవాలి. వారు ఇంజక్షనుకు మారుస్తారో, మోతాదు మారుస్తారో వారే చూస్తారు.

జ్వరం, ఏజెన్సీ, ఇంటింటి మాత్రలు

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, పార్వతీపురం, సాలూరు కొండల వైపు నుంచి జ్వరంతో గర్భిణి వస్తే మేము ముందు మలేరియాకు రక్తం తీస్తాము. మలేరియా గర్భిణికి చాలా చెడ్డది, రక్తం విరిగిపోతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, కడుపు పోవచ్చు కూడా. దానికి మందు వేసుకోక తప్పదు. మొదటి మూడు నెలల్లో కూడా వాడదగిన ఆర్టిమీథర్-లూమిఫాంట్రిన్ మాత్రను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఇవ్వకూడనిది ప్రైమాక్విన్. భర్తకు మలేరియా వచ్చినప్పుడు ఇచ్చిన 14 రోజుల కోర్సులో మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంటే అవి భార్య వేసుకోకూడదు. డాక్సీసైక్లిన్ కూడా అలాంటిదే, ఇంట్లో ఎవరికో రాసినది గర్భిణి వేసుకుంటే బిడ్డ పళ్ళ రంగు, ఎముకలు పాడవుతాయి. మూత్రంలో మంటకు, దగ్గుకు గర్భిణులకు సరిపడే యాంటీబయాటిక్కులు వేరే ఉన్నాయి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత కనిపిస్తే అది చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు.

బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించే కార్యక్రమం మన దేశంలో 2004 నుంచి జరుగుతోంది, మన జిల్లాలవారికి అది కొత్తకాదు. ఆ మాత్రలు గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరు. ఇంటికి వచ్చినవారు అడగకపోయినా మీరు చెప్పాలి. మొహమాటపడి మింగవద్దు. నులిపురుగుల మాత్ర సంగతి వేరు, నాలుగో నెల తరువాత ఆసుపత్రిలో దానిని ఒకసారి మేమే ఇస్తాము.

జ్వరానికీ తలనొప్పికీ గర్భిణులకు నేటికీ ముందుగా రాసే మందు పారాసెటమాల్. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం దీనికీ పిల్లల్లో ఆటిజానికీ ముడిపెట్టి మాట్లాడినప్పుడు వాట్సాపులో అది మన పల్లెలదాకా వచ్చింది. చర్చి ఆవరణలో కూడా మమ్మల్ని ఆపి అడిగారు. అటువంటి సంబంధానికి ఖచ్చితమైన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే ప్రకటించింది. ఎక్కువ జ్వరం బిడ్డకు మంచిది కాదు, దానిని తగ్గించాలి. అవసరమైనంతే, అవసరమైనన్ని రోజులే వాడాలి. రెండు రోజుల్లో తగ్గకపోతే మాత్ర పెంచకుండా మా దగ్గరకు రండి.

ఎర్ర మాత్ర

ఇంత రాసి ఐరన్ మాత్ర గురించి రాయకపోతే మా ఏ.ఎన్.ఎం. అమ్మాయిలు ఊరుకోరు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు. ఇస్తున్న మాత్రలు తీసుకెళ్ళి గూట్లో దాచేవారు, కోళ్ళగంప వెనక పారేసేవారు ఉన్నారు. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందట. నల్లబడేది విరోచనం మాత్రమే, బిడ్డ కాదు. (కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్నదీ ఇలాంటిదే. దానికి పెట్టే డబ్బుతో గుడ్లు కొనుక్కోవచ్చు.) బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందన్న భయం కూడా వద్దు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో కొద్దిగా రక్తం పోయినా ప్రాణం మీదకు వస్తుంది.

ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. ఒకటి ఉదయం, ఒకటి రాత్రి అనుకోండి. థైరాయిడు మాత్రకూ వీటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి. అయినా పడకపోతే చెప్పండి, సెలైనులో ఎక్కించే ఐరన్ ఉంది.

నొప్పుల ఇంజక్షను

ఇది చీటీలో ఉండని మందు, కాని మేము అన్నింటికన్నా ఎక్కువ భయపడే మందు. పురుటినొప్పులు మెల్లగా వస్తున్నాయని ఇంటి దగ్గరే నొప్పులు ఎక్కువయ్యే ఇంజక్షను చేయించి, ఆ తరువాత ఆటోలో తీసుకొస్తారు. ఆక్సిటోసిన్ అనే ఆ మందును ఆసుపత్రిలో మేము సెలైనులో చుక్కచుక్కగా ఇస్తాము, పక్కనే కూర్చుని బిడ్డ గుండె చప్పుడు వింటూ ఇస్తాము. కండకు ఒక్కసారిగా పొడిస్తే గర్భసంచి పట్టు వదలదు, బిడ్డకు ఊపిరి అందదు. ఇంతకుముందు ఆపరేషను కాన్పు అయినవారికైతే గర్భసంచి చిట్లిపోవచ్చు. చేసినవారిని నిందించడానికి ఇది రాయడం లేదు, చాలాసార్లు ఇంట్లోవారే బతిమాలి చేయిస్తారు. నొప్పులు మొదలైతే 108కి ఫోను చేయండి. ఎవరైనా ఇంజక్షను చేసి ఉంటే ఆ సంగతి, ఆ సమయం మాకు దాచకుండా చెప్పండి. మేము పోలీసులము కాదు. తెలిస్తే బిడ్డను కాపాడే వీలుంటుంది.

చీటీ కన్నవారింటికి రాదు

మన వైపు సూడిదలు పెట్టాక పిల్లను పురిటికి కన్నవారింటికి తీసుకువస్తారు. చీర వస్తుంది, గాజులు వస్తాయి, స్వీట్లు వస్తాయి. చీటీలు మాత్రం అత్తవారింట్లో బీరువాలో ఉండిపోతాయి. ఏడు నెలలు ఒకచోట చూపించుకున్న తల్లి తొమ్మిదో నెలలో మా దగ్గరకు ఒట్టి చేతులతో వచ్చి, "గుండ్రంగా ఉండే తెల్లమాత్రండి, పొద్దున్న ఒకటి" అంటుంది. తెల్లగా గుండ్రంగా ఉండే మాత్రలు మా ఫార్మసీలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేము. హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్ళి వచ్చే కుటుంబాలకు, వెరావల్ వేటకు వెళ్ళే మత్స్యకారుల ఇళ్ళకు ఇది ఇంకా కష్టం. ఇచ్ఛాపురంవారు సగంమంది బరంపురంలో చూపించుకుంటారు. ఏ ఊరి చీటీ అయినా, ఏ భాషలో ఉన్నా పారేయకండి. మందుల పేర్లు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి, మా సిస్టర్లు చదువుకుంటారు.

కాబట్టి సూడిదల రోజున చీరతోపాటు తల్లీబిడ్డల కార్డు, చీటీలన్నీ, స్కానింగు రిపోర్టులు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపమని అత్తగార్లకు మా విన్నపము. మాత్రలు కొన్నప్పుడు స్ట్రిప్పును పేరు, గడువు తేదీ ఉన్న వైపు నుంచి కత్తిరించవద్దని షాపులో చెప్పండి. ఫోను ఉన్నవారు ప్రతి చీటీని ఫోటో తీసి భర్తకూ, తల్లికీ పంపండి. నాటువైద్యుడి పసరుమందు, లేహ్యం వాడినా అది కూడా చెప్పండి. అందులో ఏముందో మాకు తెలియకపోయినా, వాడారన్న సంగతి తెలియాలి. మందు పడక దద్దుర్లు, ఆయాసం వంటివి వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. ఆ తరువాత ఏ మందు వల్ల వచ్చిందో ప్రభుత్వ మందుల భద్రతా విభాగానికి తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. ఫోను చేయడం రాకపోతే మా నర్సులు రాసి పంపుతారు.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లతో ఉచిత పరీక్షలు ఉంటాయి. ఆ రోజైనా, మన ఓ.పి.కి వచ్చే రోజైనా, ఇంట్లో ఉన్న మందులన్నీ, మీవీ మీ అత్తగారివీ కూడా, సంచిలో వేసుకుని రండి. బరువు చూసే బల్ల పక్కన కుర్చీలో కూర్చుని మా సిస్టరు ఒక్కొక్కటీ బయటికి తీసి చూస్తుంది. కావలసినవి తిరిగి మీ సంచిలో పెడుతుంది. అనుమానమున్నవి డాక్టరుగారి బల్ల మీదకు వెళ్తాయి. పది నిమిషాల పని. దీనికి చీటీ రుసుము లేదు.